తాళం వేసినా గుంత ఊరుతూనే ఉంది

తూత్తుకుడి స్టెరిలైట్ రాగి కర్మాగారం పేరు ఎత్తగానే చాలామందికి 2018 మే 22 నాటి కాల్పులే గుర్తొస్తాయి. కర్మాగారానికి వ్యతిరేకంగా కుమారెడ్డియాపురం అనే ఊళ్లో మొదలైన ఆందోళన ఆనాటికి వందో రోజుకు చేరింది. జనం కలెక్టరేటు వైపు కదిలారు, పోలీసు కాల్పుల్లో 13 మంది చనిపోయారు. ఆరు రోజుల తర్వాత కర్మాగారాన్ని శాశ్వతంగా మూసి సీలు వేయమని తమిళనాడు ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. తెలుగు ఇళ్లున్న కయత్తారు, కోవిల్‌పట్టి ఉన్నదీ ఆ జిల్లాలోనే కాబట్టి ఆ ఇళ్లకు అది పొరుగింటి దుఃఖం. అయితే దాదాపు ఐదేళ్ల తర్వాత, 2023 ఏప్రిల్ 10న, సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక అనుమతి గురించి విన్నవాళ్లు తక్కువ. మూతబడ్డ ఆ ఆవరణలో మిగిలిపోయిన జిప్సాన్ని తరలించడానికి, ప్రమాదకర వ్యర్థాలు పూడ్చిన గుంతల్లో ఊరే మురుగును తోడే పంపులు నడపడానికి, నాలుగో నంబరు గుంత గట్టును బాగుచేయడానికి కోర్టు ఒప్పుకుంది. కొలిమి చల్లారి ఐదేళ్లు కావస్తున్నా గుంతకు కాపలా తప్పలేదు. ఈ కథలో మనం పట్టుకోవలసినది ఈ సంగతేనని నా నమ్మకం. విషవ్యర్థాల గురించి ఊళ్లు భయపడినప్పుడు ప్రభుత్వాలకు రెండే జవాబులు తెలుసు: అనుమతి కాగితం, లేదా తాళం. రెండూ ఒక్క సంతకంతో అయిపోయే పనులు. ఆ గుంత అడిగేది మాత్రం దశాబ్దాల కాపలా. ఆ కాపలా ఎలా సాగుతోందో తెలిపే లెక్కలు పక్క ఊళ్ల చేతికి అందాలి.

ఇలాంటి గుంతను సెక్యూర్డ్ ల్యాండ్‌ఫిల్ అంటారు. మామూలు చెత్తకుప్పకూ దీనికీ పోలిక లేదు. అడుగున కుదించిన బంకమట్టి, దాని మీద దళసరి ప్లాస్టిక్ షీటు, ఆపైన ఊటను ఒకచోటికి చేర్చే గొట్టాలు వేస్తారు. గుంత నిండాక పైన మళ్లీ షీటు, మట్టి కప్పుతారు. లోపలి తేమ, కప్పు సందుల్లోంచి దిగిన వాననీరు వ్యర్థాల గుండా జారుతూ లోహాలను కరిగించుకుని అడుగున సంపులోకి చేరతాయి. ఈ విషపు ఊటను ఎప్పటికప్పుడు తోడి శుద్ధి చేయాలి. తోడకపోతే మట్టం పెరిగి అడుగు షీటు మీద ఒత్తిడి పడుతుంది. ఎక్కడో ఒక అతుకు వదిలితే దారి నేరుగా భూగర్భజలంలోకే. అందుకే చుట్టూ పరిశీలన బావులు తవ్వి నీళ్లు పరీక్షిస్తూ ఉండాలి. గుంత మూసిన తర్వాత కూడా 30 ఏళ్లపాటు ఇది సాగాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి మార్గదర్శకాలు చెబుతున్నాయి. నిజానికి ఆ 30 కూడా మనుషుల సౌకర్యం కోసం పెట్టుకున్న అంకె. ఆర్సెనిక్, సీసం కుళ్లి మట్టిలో కలిసిపోయేవి కావు. 30 ఏళ్ల తర్వాతా అవి అవే.

ఇప్పుడు 2018 ఏప్రిల్ 9 నాటి కాగితం చూద్దాం. కాల్పులకు ఆరు వారాల ముందు తమిళనాడు కాలుష్య నియంత్రణ మండలి కర్మాగారానికి అనుమతి పొడిగించబోమని చెప్పింది. అందుకు ఐదు కారణాలు చూపింది. చుట్టుపక్కల బావుల నీటి పరీక్ష నివేదికలు ఇవ్వలేదు. ఉప్పారు వాగు పొడవునా, పట్టా భూముల్లో పోసిన రాగి చిట్టెం, అంటే కాపర్ స్లాగ్, తొలగించలేదు, అది వాగులోకి జారకుండా అడ్డుగోడా కట్టలేదు. గాలిలో ఆర్సెనిక్ కొలవలేదు. జిప్సం చెరువు నిబంధనల ప్రకారం కట్టలేదు. అన్నిటికంటే నన్ను కలవరపెట్టేది మరో కారణం: ప్రమాదకర వ్యర్థాల నిర్వహణకు ఇచ్చిన అధికార పత్రం గడువు 2013 జూలై 9నే తీరిపోయింది. 2013 జూలై నుంచి 2018 ఏప్రిల్ దాకా దాదాపు ఐదేళ్లు. ఆ పత్రం లేకుండానే ఏడాదికి 4 లక్షల టన్నుల రాగి తీసే సామర్థ్యమున్న కర్మాగారం నడుస్తుంటే మండలి ఎక్కడుంది? కంపెనీ బావినీటి నివేదికలు ఇవ్వకపోతే తానే సీసాలు పట్టుకెళ్లి నమూనాలు తీసే అధికారం మండలికి చట్టమే ఇచ్చింది. ఊళ్లు ఏళ్ల తరబడి చెప్పిన మాటలే చివరికి మూసివేత కారణాలుగా టైపయ్యాయి. ఆ కారణాలు అంతకుముందూ నిజాలే.

ఈ అపనమ్మకం 2018లో పుట్టింది కాదు. 1998లో నాగ్‌పూర్‌లోని నీరీ అనే పర్యావరణ పరిశోధన సంస్థ భూగర్భజలం కలుషితమైందని నివేదిక ఇస్తే మద్రాసు హైకోర్టు ఆ నవంబరులో కర్మాగారాన్ని ఆపమంది. కొద్ది రోజుల్లోనే మళ్లీ నడవనిచ్చారు. మరుసటి ఏడాది అదే సంస్థ ఇచ్చిన నివేదిక ధోరణి మారిపోయింది. 2013 ఏప్రిల్ 2న సుప్రీంకోర్టు కాలుష్యం జరిగిందని ఒప్పుకుని, కర్మాగారాన్ని నడవనిస్తూనే 100 కోట్ల రూపాయల పరిహారం విధించింది. ఆ డబ్బు కలెక్టరు దగ్గర డిపాజిట్ చేసి, వడ్డీతో చుట్టుపక్కల నీటినీ నేలనూ బాగుచేయమంది. కాపలాకు డబ్బు లేదనే మాట అక్కడితో చెల్లదు.

మూసివేత న్యాయమైనదే. 2020 ఆగస్టు 18న మద్రాసు హైకోర్టు 815 పేజీల తీర్పులో దాన్ని సమర్థించింది. 2024 ఫిబ్రవరి 29న సుప్రీంకోర్టు కంపెనీ అప్పీలును తోసిపుచ్చింది. దీని మీద వచ్చే అభ్యంతరాలు తేలికగా కొట్టిపారేసేవి కావు. దేశంలో శుద్ధిచేసిన రాగిలో మూడోవంతుకు పైగా ఇక్కడే తయారయ్యేది. మూతపడ్డాక దేశం రాగి దిగుమతుల మీద ఆధారపడింది, వేలమంది ఉపాధి పోయింది. ఆ నష్టం నిజం. కానీ ఆ నష్టం ఎక్కడ మొదలైంది? 2013లోనే వ్యర్థాల అధికార పత్రం గురించి నిలదీసి, చిట్టెం తీయించి, బావుల నీళ్లు పరీక్షించి ఉంటే మూసివేత దాకా వచ్చేదా అని కార్మికులూ అడగాలి. రాగి చిట్టెం చట్టం ప్రకారం ప్రమాదకర వ్యర్థం కాదని కంపెనీ వాదించింది. ప్రయోగశాలలో దాని వర్గం ఏదైనా కావచ్చు, వాగులో గుట్టగా పోస్తే వరదకు అడ్డం పడుతుంది, నీటితోపాటు కదులుతుంది. ఎక్కడ పోశారన్నది కూడా ప్రమాదంలో భాగమే. మరో అభ్యంతరం అధికారుల నోట తరచూ వినిపిస్తుంది: పరీక్ష ఫలితాలు బయటపెడితే జనం అనవసరంగా భయపడతారని. తూత్తుకుడిలో జరిగింది దానికి విరుద్ధం. కర్మాగారం విస్తరణకు ప్రజాభిప్రాయ సేకరణ జరగలేదు, జరిపి తీరాలని మద్రాసు హైకోర్టు మదురై బెంచి చెప్పింది 2018 మే 23న, కాల్పుల మర్నాడు. అంకెలు దాస్తే భయం తగ్గదు, వీధిలోకి వస్తుంది.

ఈ విషయంలో అమెరికా అనుభవం ఒకటి చదవదగ్గది. నార్త్ కరోలినాలోని వారెన్ కౌంటీలో ఎక్కువగా నల్లజాతి పేదలుండే చోట 1982లో పీసీబీ అనే విషరసాయనం కలిసిన మట్టిని పూడ్చారు. ఐదు వందల మందికి పైగా అరెస్టయ్యారు, పూడ్పు ఆగలేదు. గుంత పొడిగా, భద్రంగా ఉంటుందన్నారు. సాంకేతికత అందుబాటులోకి రాగానే విషాన్ని తొలగిస్తామని గవర్నరు మాట ఇచ్చారు. 1993లో చూస్తే గుంత నిండా నీళ్లు. అక్కడ రాష్ట్రం చివరికి చేసిన మంచిపని, ఊరివాళ్లూ అధికారులూ కలిసి కూర్చునే సంఘం వేసి, ఆ సంఘానికి సొంత శాస్త్ర సలహాదారును ఇవ్వడం. మట్టిని శుద్ధి చేయడం 2003లో పూర్తయింది. ఇరవై ఏళ్లు పట్టింది, కానీ ఊరి మనిషి ఆ బల్ల దగ్గర కూర్చున్నాకే పని కదిలింది.

2023లో పంపుల అనుమతికి ముందు సబ్ కలెక్టరు నాయకత్వంలో ఒక కమిటీ ఆవరణను చూసి ఏ పనులు అత్యవసరమో చెప్పింది. అలాంటి కమిటీ శాశ్వతంగా ఉండాలి. అందులో కుమారెడ్డియాపురం, పండారంపట్టి వంటి ఊళ్ల ప్రతినిధులుండాలి, వాళ్లకు నమ్మకమున్న ఒక రసాయన శాస్త్రవేత్త ఉండాలి. ఏ గుంతలో ఎన్ని లీటర్ల ఊట తోడారు, పరిశీలన బావుల్లో ఆర్సెనిక్ ఎంత అన్నది ప్రతి మూడు నెలలకూ తమిళంలో పంచాయతీ కార్యాలయం గోడ మీద అంటించాలి. ఖర్చు 100 కోట్ల పరిహారపు వడ్డీలోంచి తీయవచ్చు. శివకాశి, విరుదునగర్ పరిశ్రమల వ్యర్థాలకూ ఎక్కడో ఒక గుంత కావాలి. కొత్త గుంతకు అనుమతి అడిగినప్పుడు ఈ ప్రాంతపు గ్రామసభలు మొదట అడగవలసింది షీటు మందం గురించి కాదు; ఆ గుంత బావి నీటి ఫలితం ఎవరి గోడ మీద, ఎన్నేళ్లపాటు, ఎవరి ఖర్చుతో అంటిస్తారో రాసివ్వమని.