ఉపేక్షింపరాని ఉదరబాధ

విశాఖపట్నం నుండి అరకులోయకు వెళ్ళే ఘాట్ మార్గంలో అనంతగిరి మండలం ఉన్నది. బొర్రా గుహలు, కాఫీ తోటలు ఈ ప్రాంతానికి ఎంతో పేరు తెచ్చాయి. అయితే రహదారి లేని శిఖర గ్రామాల నుండి రోగులను డోలీలో మోసుకొని రావలసిన దుస్థితి ఇక్కడ ఇంకను తొలగిపోలేదు. ఇటువంటి చోట చిన్న బాధకు ఆసుపత్రికి బయలుదేరేవారు అరుదు. ఓర్చుకోవడమే అలవాటవుతుంది. అండాశయ క్యాన్సర్ విషయంలో ఆ ఓర్పే ప్రాణాంతకం కావచ్చు.

గర్భాశయానికి ఇరువైపులా బాదం గింజంత పరిమాణంలో ఉండే అవయవాలే అండాశయాలు. ఇవి లోతుగా ఉండటంచేత వీటిలో పెరిగే కణితి తొలిదశలో చేతికి తగలదు. అందువల్ల అధికశాతం రోగులలో వ్యాధి ఉదరమంతటా వ్యాపించిన పిమ్మటనే బయటపడుతుంది. 2022లో మనదేశంలో సుమారు 47 వేలమంది స్త్రీలకు ఈ వ్యాధి కొత్తగా సోకినట్లు అంచనా. తొలిదశలోనే చికిత్స పొందినవారిలో పదింట తొమ్మిదిమంది వరకు ఐదేళ్ళకు పైగా జీవిస్తారు. ముదిరిన దశలో ఆ అవకాశం సగానికన్న తక్కువ.

ఈ వ్యాధికి లక్షణాలే ఉండవనడం సరికాదు. పొట్ట ఉబ్బరం, కొద్దిగా తినగానే కడుపు నిండినట్లుండటం, పొత్తికడుపు నొప్పి, మాటిమాటికి మూత్రానికి వెళ్ళవలసి రావడం అనే నాలుగూ ముఖ్యమైనవి. చాలామందిలో ఇవి అజీర్తివంటి సాధారణ కారణాలచేతనే కలుగుతాయి. కాని కొత్తగా మొదలై, నెలలో పన్నెండు రోజులకు మించి వేధిస్తే వైద్యుని తప్పక సంప్రదించాలి. ముట్లుడిగిన స్త్రీలలో ఈ వ్యాధి ఎక్కువ. తల్లికిగాని, తోబుట్టువులకుగాని అండాశయ క్యాన్సర్, రొమ్ము క్యాన్సర్ వచ్చి ఉంటే మరింత జాగరూకత అవసరం. బి.ఆర్.సి.ఎ. జన్యువులలోని లోపాలు వంశపారంపర్యంగా సంక్రమించగలవు.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను ముందుగా పసిగట్టే పాప్‌స్మియర్ పరీక్ష దీనిని గుర్తించజాలదు. లక్షణాలు లేనివారందరికీ జరుపదగిన నమ్మకమైన పరీక్ష ఏదీ ఇంతవరకు లేదు. కనుకనే లక్షణాలను గుర్తెరగడం అత్యవసరం. అనుమానం కలిగినపుడు వైద్యులు అల్ట్రాసౌండ్, సి.ఎ.-125 రక్తపరీక్ష చేయిస్తారు. శస్త్రచికిత్స, కీమోథెరపీ ప్రధాన చికిత్సలు.

గ్రామంలోని ఆశా కార్యకర్తతో మాట్లాడటమే తొలి మెట్టు. ఆమె ద్వారా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి, అక్కడి నుండి విశాఖపట్నంలోని కింగ్ జార్జ్ ఆసుపత్రికిగాని, అగనంపూడిలోని హోమీ బాబా క్యాన్సర్ ఆసుపత్రికిగాని చేరవచ్చు. 2007లో ఆరోగ్యశ్రీగా ఆరంభమై నేడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవగా కొనసాగుతున్న పథకం పేదల చికిత్సకు అండగా ఉన్నది.

2013 నుండి ఏటా మే 8వ తేదీని ప్రపంచ అండాశయ క్యాన్సర్ దినంగా పాటిస్తున్నారు. అయితే అవగాహన ఒక్క దినానికి పరిమితం కారాదు. కడుపునొప్పిని చెప్పుకోవడానికి సిగ్గుపడే అమ్మను, అవ్వను ఇంటిలోని చదువుకొన్న బిడ్డలే అడిగి తెలుసుకోవాలి. డోలీ కట్టవలసిన రోజు రాకముందే, నడిచి వెళ్ళగలిగిన రోజుననే, వారిని వైద్యుని వద్దకు తీసుకొనిపోవాలి.