సౌర తుఫాను వార్త వస్తే భయపడాలా?



2024 మే 10, 11 తేదీల్లో భూమిని ఒక బలమైన అయస్కాంత తుఫాను తాకింది. 2003 తర్వాత అంత తీవ్రమైనది రాలేదు. లడఖ్‌లోని హాన్లేలో ఉన్న ఖగోళ పరిశోధన కేంద్రం కెమెరాలకు రాత్రి ఆకాశం ఎర్రగా కనబడింది. ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా "ఈ రాత్రి ఫోన్లు ఆపేయండి, ప్రమాదకరమైన కిరణాలు వస్తున్నాయి" అనే సందేశాలు మన సంఘాల వాట్సాప్ గ్రూపుల్లోకి కూడా చేరుతుంటాయి. కొందరు భయపడతారు, కొందరు నవ్వి వదిలేస్తారు. రెండూ సరికాదని మా అభిప్రాయం. ఈ తుఫాను నేలమీద ఉన్న మన ఒంటికి హాని చేయదు. కాని మన కబుర్లు ప్రయాణించే దారిని చెదరగొడుతుంది.

ఆ దారి మన తలపైనే ఉంది. నేల నుంచి సుమారు 60 కిలోమీటర్ల ఎత్తున మొదలై వందల కిలోమీటర్ల వరకు వ్యాపించిన ఆ పొరను ఐనో ఆవరణం అంటారు. అక్కడి పలుచని గాలిమీద సూర్యుని అతినీలలోహిత కిరణాలు, ఎక్స్ కిరణాలు పడి ఎలక్ట్రాన్లను విడదీస్తాయి. అలా విడిపోయిన ఎలక్ట్రాన్లు షార్ట్‌వేవ్ రేడియో తరంగాలను తిరిగి భూమివైపు వంచుతాయి. 1901లో మార్కోనీ పంపిన సంకేతం అట్లాంటిక్ సముద్రం దాటడానికి కారణం ఇలాంటి పొరేనని మరుసటి ఏడాది కెన్నెలీ, హెవిసైడ్ వేర్వేరుగా ఊహించారు. 1924లో ఆపిల్టన్ దాన్ని ప్రయోగంతో రుజువు చేసి, 1947లో నోబెల్ బహుమతి పొందారు. సిలోన్ నుంచి, సెషెల్స్ దీవుల నుంచి షార్ట్‌వేవ్‌పై వచ్చిన ప్రసారాలు విన్న పెద్దలు మన సంఘాల్లో ఇప్పటికీ ఉన్నారు. ఆ గొంతులు పెరగడం, తగ్గడం వారికి గుర్తుండే ఉంటుంది. అది రేడియో పెట్టె లోపం కాదు, పైన ఈ పొర కదలడమే.

సూర్యుడు దీన్ని రెండు విధాలుగా కలవరపెడతాడు. మొదటిది సౌరజ్వాల. దాని ఎక్స్ కిరణాలు 8 నిమిషాల్లో భూమిని చేరి, పగలు ఉన్న వైపు ఐనో ఆవరణపు అడుగు పొరను చిక్కబరుస్తాయి. అప్పుడు షార్ట్‌వేవ్ తరంగాలు వంగి తిరిగి రాకుండా అక్కడే ఇంకిపోతాయి. రెండవది అయస్కాంత తుఫాను. సూర్యుని నుంచి ఎగసిన విద్యుదావేశ కణాల మేఘం సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజుల్లో ఇక్కడికి వస్తుంది. దానిలోని అయస్కాంత క్షేత్రం దక్షిణ దిశగా ఉంటే భూమి అయస్కాంత క్షేత్రంతో ముడిపడి, ధ్రువాల దగ్గర శక్తిని కుమ్మరిస్తుంది. పై గాలి వేడెక్కి ఉబ్బుతుంది, గాలులు భూమధ్యరేఖ వైపు వీస్తాయి. కొన్నిచోట్ల ఎలక్ట్రాన్లు బాగా పెరుగుతాయి, మరికొన్నిచోట్ల తగ్గిపోతాయి.

ఇది ధ్రువాల దగ్గరివాళ్ల సమస్యే అనుకోకూడదు. అయస్కాంత భూమధ్యరేఖ మన దేశపు దక్షిణ కొన మీదుగా వెళ్తుంది. తుంబాలో రాకెట్ కేంద్రం పెట్టడానికి కారణం కూడా అదే. పగటిపూట ఆ రేఖపై ఎలక్ట్రాన్లు ఫౌంటెన్‌లా పైకి లేచి, ఉత్తర దక్షిణాలకు జారి, అక్కడ దట్టంగా పేరుకుంటాయి. తుఫాను వేళ ఈ ఫౌంటెన్ ఉన్నట్టుండి బలపడవచ్చు, నీరసించనూ వచ్చు. సూర్యాస్తమయం తర్వాత ఈ పొరలో బుడగల్లాంటి ఖాళీలు కూడా ఏర్పడుతుంటాయి. వాటి గుండా వచ్చే ఉపగ్రహ సంకేతాలు, నక్షత్రం మిణుకుమన్నట్టు, బలం మారుతూ ఉంటాయి. తిరుపతి దగ్గర గాదంకిలోని రాడార్ ఇలాంటి మార్పులను గమనిస్తోంది.

జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తు నుంచి పంపే సంకేతం ఈ పొర గుండానే రావాలి. ఎలక్ట్రాన్లు ఎక్కువైతే సంకేతం ఆలస్యమవుతుంది, చూపించే స్థానం మీటర్ల కొద్దీ తప్పుతుంది. 2024 మేలో అమెరికాలో విత్తే సమయానికే తుఫాను రావడంతో, జీపీఎస్‌తో నడిచే ట్రాక్టర్లను కొందరు రైతులు ఆపుకోవలసి వచ్చింది. మన విమానాలకు దారి చూపే 'గగన్' వ్యవస్థ దేశంలోని 15 కేంద్రాల నుంచి ఈ ఆలస్యాన్ని కొలిచి సరిదిద్దుతుంది.

అన్నిటికంటే ఆలోచింపజేసేది 2017 సెప్టెంబరు సంగతి. ఇర్మా అనే పెను తుఫాను కరీబియన్ దీవులను కొడుతున్న రోజుల్లోనే సూర్యునిపై పెద్ద జ్వాలలు లేచాయి. సహాయ సిబ్బంది నమ్ముకున్న షార్ట్‌వేవ్ రేడియో కొన్ని గంటలపాటు మూగబోయింది. తుఫానులు మన తీరానికి కొత్త కాదు. సెల్ టవర్లు కూలినప్పుడు హామ్ రేడియోనే దిక్కయిన సందర్భాలు మన దేశంలోనూ ఉన్నాయి. రెండు తుఫానులు ఒకేసారి వస్తే ఆ దిక్కు కూడా కాసేపు లేకుండా పోవచ్చు.

కాబట్టి మేము చెప్పేది ఇంతే. ఫోన్ ఆపమనే సందేశం వస్తే దాన్ని ముందుకు పంపకండి. శ్రీహరికోట నుంచి 2023 సెప్టెంబరు 2న బయలుదేరిన ఆదిత్య-ఎల్1 భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరం నుంచి సూర్యుణ్ణి కనిపెట్టి చూస్తోంది. ఇస్రో చెప్పిన మాట వినండి. వేటకు వెళ్లే సహోదరులు జీపీఎస్‌తో పాటు దిక్సూచిని కూడా పడవలో ఉంచుకోవాలి. తీరప్రాంత సంఘాలు ఆపదలో కబురందించడానికి ఒక్క దారినే నమ్ముకోకుండా, ఎవరు ఎవరింటికి నడిచి వెళ్లి చెప్పాలో ముందే అనుకోవాలి. ముఖ్యమైన ఫోన్ నంబర్లు కాగితంమీద రాసి పెట్టుకోవాలి. ఏ తుఫాను వచ్చినా ఈ సిద్ధపాటు పనికివస్తుంది.