మీకు తెలుసా? ‘నెక్స్ట్’ కొడితే ప్రోగ్రామ్ చేజారిపోవచ్చు!

డీబగ్గర్‌లో ‘నెక్స్ట్’ కొడితే ప్రోగ్రామ్ తర్వాతి వరుసలో ఆగాలి. కానీ ఆ వరుసలో పిలిచిన ఫంక్షన్ ఎక్సెప్షన్ విసిరితే?

● ఫంక్షన్ తిరిగొచ్చే చోట డీబగ్గర్ తాత్కాలిక బ్రేక్‌పాయింట్ పెట్టి కాచుకుంటుంది. ఎక్సెప్షన్ ఆ దారిన రాదు. స్టాక్‌ను విప్పుకుంటూ నేరుగా క్యాచ్ బ్లాక్‌కు వెళ్తుంది. డీబగ్గర్ ఆ దారి కూడా కాయకపోతే ప్రోగ్రామ్ ఆగకుండా సాగిపోతుంది.

● 1986లో రిచర్డ్ స్టాల్‌మన్ రాసిన జీడీబీ అనే డీబగ్గర్‌కు తర్వాత ఈ సమస్యకు మందు దొరికింది. జీసీసీ కంపైలర్ రన్‌టైమ్‌లో ‘అన్‌వైండ్ డీబగ్ హుక్’ అనే ఖాళీ ఫంక్షన్ ఉంది. ఎక్సెప్షన్ ఎక్కడికి చేరబోతోందో అది జీడీబీకి ముందే చెబుతుంది.

● జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లిలో సీ ప్లస్ ప్లస్ నేర్చుకుంటున్న విద్యార్థులారా! జీడీబీలో ముందుగా ‘క్యాచ్ త్రో’ ఆదేశం ఇవ్వండి. ఎక్సెప్షన్ విసిరిన చోటే ప్రోగ్రామ్ ఆగుతుంది.