తాళములును వాని వరుసయు

ఒకనాడు మా తరగతిలో క్షేత్రగణితము జరుగుచుండగా ఇద్దరు బాలురకు కలిపి ఒకే స్కేలును ఒకే కంపాసును ఉండెను. వృత్తము గీయుటకు రెండును కావలెను. ఒకడు స్కేలును చేజిక్కించుకొనెను. రెండవవాడు కంపాసును పట్టుకొనెను. “ముందు నీవిమ్ము, పిమ్మట నేనిత్తును” అని యిరువురును పట్టుపట్టి గంట కొట్టువరకు ఊరక కూర్చుండిరి. ఇరువురిలో దుష్టుడెవ్వడును లేడు. అయినను ఒక్క వృత్తమైనను పూర్తికాలేదు. కంప్యూటరు లోపలను ఇట్టి చిక్కు కలుగును. దానికి ప్రతిష్టంభన మని పేరు. డెడ్‌లాక్ అనియు నందురు. దానిని నివారించు విధమును ఈ వ్యాసమున వివరింతుము.

కంప్యూటరులోని ప్రోగ్రాములకు మెమరీని, డిస్కును, ప్రాసెసరు కాలమును పంచియిచ్చునది ఆపరేటింగ్ సిస్టము. దాని నడిమి భాగమునకు కెర్నెల్ అని పేరు. నేటి ప్రాసెసరులలో అనేకములగు కోర్లు కలవు. అవి యేకకాలమున కెర్నెల్ పట్టికలను దిద్దుచుండును. ఇద్దరు గుమాస్తాలు ఒకే పద్దు నొకేసారి దిద్దినచో లెక్క చెడును గదా! కావున ప్రతి పట్టికకును ఒక తాళ మేర్పరచిరి. తాళము పొందినవాడే దిద్దవలెను, తక్కినవారు వేచియుండవలెను. ఒక సామాన్య ప్రోగ్రాము చిక్కుపడినచో అది యొక్కటే నిలిచిపోవును. కెర్నెల్ చిక్కుపడినచో ఆ తాళములు కోరి వచ్చినవన్నియు నొకదాని వెనుక నొకటి నిలిచిపోయి, తుదకు యంత్రమే స్తంభించును. భద్రపరుపని పని యంతయు నష్టమగును.

లినక్స్ అను కెర్నెల్‌ను 1991లో లీనస్ టోర్వాల్డ్స్ ఫిన్లండు దేశమున ప్రారంభించెను. 1996లో వెలువడిన 2.0 సంచికలో అనేక ప్రాసెసరులకు స్థానము కల్పించి, కెర్నెల్ అంతటికిని ఒకే పెద్ద తాళము నమర్చిరి. ఒక్క తాళమే యైనచో నిర్భయమే గాని, ఒకడు లోపల నుండగా తక్కినవా రందరును వాకిట నిలువవలెను. అందుచే దానిని క్రమముగా చిన్న చిన్న తాళములుగా విడదీసి, 2011లో పెద్ద తాళమును పూర్తిగా తొలగించిరి. వేగము హెచ్చెను, దానితోపాటు ప్రతిష్టంభన భయమును హెచ్చెను.

1971లో కాఫ్‌మన్, ఎల్ఫిక్, షోషాని అను మువ్వురు పండితులు ఈ చిక్కునకు నాలుగు నిమిత్తములను చూపిరి. వస్తువు నొకసారి ఒక్కడే వాడవలసియుండుట. ఒకటి చేత నుంచుకొని మరియొకదానికై వేచియుండుట. చేతనున్నదానిని ఇతరులు బలిమిని లాగుకొనరాకుండుట. ఒకనికై యొకడు వేచి యా నిరీక్షణము చక్రమగుట. ఈ నాలుగును కూడిననే చిక్కు కలుగును. ఒక్కటి తొలగినను చాలును. కెర్నెల్ వ్రాయువారు ముఖ్యముగా నాలుగవదానిని తొలగింతురు. తాళముల కన్నిటికిని ఒక వరుస నేర్పరచి, అందరును ఆ వరుసనే తీసికొనవలె నని నియమింతురు. అట్లయినచో చక్ర మేర్పడుటకు వీలే లేదు.

ఒక యుదాహరణము చూతము. ఒక ప్రోగ్రాము మొదటి డైరెక్టరీనుండి రెండవదానికి ఫైలును మార్చుచున్నది. ఇంకొకటి రెండవదానినుండి మొదటిదానికి మార్చుచున్నది. తాము బయలుదేరిన డైరెక్టరీకే ముందు తాళము వేసినచో రెండును చిక్కుపడును. అందుచేత లినక్స్ ముందుగా ఆ ఫైల్‌సిస్టమున కంతటికి నొకటియగు తాళమును తీసికొనును. పిమ్మట ఒక డైరెక్టరీ మరియొకదాని లోపలిదైనచో పైదానిని ముందును, లోపలిదానిని వెనుకను తీసికొనును. వరుస పాటించుటకు వీలుకాని చోట్ల తాళమునకై ప్రయత్నించి, దొరకనిచో చేతనున్నదానిని విడిచి, మరల మొదటినుండి ఆరంభింతురు.

ఒక్క తాళముతోనే కలుగు చిక్కు మరియొకటి కలదు. స్పిన్‌లాక్ అను తాళమునకై వేచియుండు కోరు నిద్రపోక, “దొరికెనా?” యని మాటిమాటికి చూచుచునే యుండును. ఒక కోరు అట్టి తాళమును పట్టుకొనియుండగా ఇంటరప్ట్ వచ్చినదనుకొందము. పని నిలిచి, ఆ కోరుననే ఇంటరప్ట్ కార్యము మొదలగును. అదియు ఆ తాళమునే కోరినచో, తాళము విడువవలసిన పని సాగదు. సాగనిదే తాళము రాదు. కావున అట్టి తాళమును తీసికొనుటకు ముందే ఆ కోరులో ఇంటరప్టులను ఆపి, విడిచిన పిదప మరల అనుమతింతురు.

ఇన్ని నియమములను మనుష్యుడు మరువకుండునా? అందుకై ఇంగో మోల్నార్ రచించిన లాక్‌డెప్ అను పరీక్షకుడు 2006లో లినక్స్‌లో చేరెను. తాళములు తీసికొనబడు వరుసను అది గుర్తుంచుకొనును. ఒకచోట నొక వరుసయు, వేరొకచోట దానికి విరుద్ధమగు వరుసయు కనబడినచో, యంత్రము నిలిచిపోకున్నను ముందే హెచ్చరించును. అయితే ఒక్కసారియైనను నడువని మార్గమును గూర్చి యది యేమియు చెప్పజాలదు. కాబట్టి వ్రాయువాని జాగ్రత్త యెప్పటికిని అవసరమే.

మరునాడు మేము తరగతిలో నొక నియమము చేసితిమి: స్కేలు దొరకినవాడే కంపాసును ముట్టవలెను. ఆ దినమున ఇద్దరి వృత్తములును గంటకు ముందే పూర్తియయ్యెను. వస్తువులు పెరుగలేదు, బాలురు మారలేదు, వరుస యొక్కటే క్రొత్తది. పలువురు కలిసి జీవించుచోట మంచితనముతోపాటు అందరును మన్నించు క్రమమును కావలె నని మన విద్యార్థులు దీనివలన గ్రహింతురుగాక.