దిగబడిన ట్రాక్టరే సైన్సు పాఠం

వానలు మొదలైతే బామ్ని చుట్టుపక్కల చేల బాటల్లో ట్రాక్టర్లు దిగబడటం కొత్తేమీ కాదు. పిల్లలు పరుగున వెళ్లి చూస్తారు. ఆ కుతూహలాన్ని బడిలోకి తెచ్చుకుందాం.

ప్రాణహిత, గోదావరి కలిసే సిరోంచ తాలూకాలో ఏటి ఒడ్డున ఇసుక, చేలలో నల్లరేగడి కనిపిస్తాయి. ఇసుక రేణువులు ఒకదానికొకటి అంటుకోవు, వాటి బలమంతా రాపిడిదే. రేగడి బలం జిగటలో ఉంటుంది. నీళ్లు తాగితే అది ఉబ్బి మెత్తబడుతుంది, టైరు గాడుల్లో నిండిపోతుంది. అప్పుడు గాడులున్న టైరు కూడా నున్నటి చక్రంలా జారుతుంది. నేల బలానికి జిగట, రాపిడి రెండూ కారణమని ఫ్రాన్సు ఇంజనీరు కూలుంబ్ 1773లోనే వివరించాడు.

ఇసుకలో టైరు గాలి కొంత తగ్గిస్తే అది వెడల్పుగా పరుచుకుంటుంది. అదే బరువు ఎక్కువ చోటు మీద పడుతుంది కాబట్టి చక్రం తక్కువ దిగుతుంది. తారురోడ్డు ఎక్కేముందు మళ్లీ గాలి నింపాల్సిందే. దమ్ము చేసేటప్పుడు కేజీవీల్స్ కట్టేదీ బురదలో పట్టు కోసమే. 1971లో చంద్రుడి దుమ్ము మీద నడిచిన బండికి గాలి టైర్లు లేవు, ఉక్కు తీగతో అల్లిన చక్రాలు పెట్టారు.

తల్లిదండ్రులకు ఒక మాట. దిగబడిన ట్రాక్టరు దగ్గరికి పిల్లల్ని పోనివ్వకండి. వెనక చక్రాలకు దుంగ కట్టి ముందుకు నడిపితే, చక్రం తిరగలేక ట్రాక్టరే ముందుభాగం లేచి వెనక్కి బోల్తా పడవచ్చు. గట్టిగా రేజ్ చేస్తే గుంత మరింత లోతవుతుంది.

తరగతిలో ఇలా చేయించండి: సైకిలు టైరు తడిపి, గళ్ల కాగితం మీద నిలిపి అచ్చు తీయండి. కొంచెం గాలి తీసి, అదే బరువుతో మళ్లీ అచ్చు తీయండి. రెండింటిలో గళ్లు లెక్కపెడితే తేడా పిల్లలకే తెలుస్తుంది.

పాఠం ముగిశాక బోర్డు మీద జంట మాటలు రాయండి: రేగడి – కాళీ మాతీ, ఇసుక – వాళూ, బురద – చిఖల్. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పించాలని రాజ్యాంగంలోని 350-ఎ అధికరణం చెబుతోంది. ఇంట్లో నేర్చిన మాట బడిలోనూ పనికొస్తుందని తెలిసిన పిల్లవాడు ప్రశ్న అడగడానికి జంకడు. మరాఠీ పాఠమూ వాడికి బరువనిపించదు.