జ్ఞాపకం తీసేస్తే ఆట మిగులుతుందా?

ఈసారి భోగికి ముందు రోజు నానమ్మ వాళ్లింట్లో అటక సర్దుతుంటే ఒక అట్టపెట్టె దొరికింది. లోపల బూడిద రంగు వీడియో గేమ్ డబ్బా, వైరు చుట్టేసిన రెండు రిమోట్లు, ఒక ప్లాస్టిక్ తుపాకీ, పసుపుపచ్చ క్యాసెట్ ఒకటి. క్యాసెట్ మీద '99999 ఇన్ 1' అని రాసుంది. దాన్ని చూడగానే మా బాబాయి చేతిలో ఉన్న చీపురు పక్కన పడేశాడు.

"ఏడో తరగతిలో ఫస్టొస్తే నాన్న కొనిపెట్టారు. ఇలాంటి ఆటలు ఇప్పుడెక్కడివమ్మా!" అన్నాడు. కింద నుంచి నానమ్మ మాత్రం, "ఉంచాలా, పాత సామాన్లవాడికి వేసేయాలా? అది చెప్పండి ముందు" అంది.

మంచి ప్రశ్నే. బాబాయిని అడిగితే ఉంచమంటాడు, ఆయనకి అందులో తాతయ్య కనిపిస్తారు. తాతయ్య ఇప్పుడు లేరు. కాబట్టి ఆయన సాక్ష్యం చెల్లదు. నేను పుట్టేసరికే ఆ డబ్బా అటకెక్కేసింది, నాకు దాని మీద ప్రేమా లేదు, పగా లేదు. ఇంకా నిష్పాక్షికమైన జడ్జి కావాలంటే బాబాయి కొడుకు, మా చిన్నోడు ఉన్నాడు. పదేళ్లు. ఫోన్‌లో తుపాకుల ఆటలు ఆడతాడు. నచ్చకపోతే మొహం మీదే చెప్పేస్తాడు.

హాల్లో కొత్త ఎల్‌ఈడీ టీవీకి పసుపు, ఎరుపు, తెలుపు పిన్నులు గుచ్చి డబ్బా ఆన్ చేశాం. బాబాయి 'కాంట్రా' పెట్టి రిమోట్ వాడి చేతికిచ్చాడు. నిమిషంలో మూడు ప్రాణాలూ పోయాయి. మళ్లీ ఆడాడు, మళ్లీ పోయాయి. "నేను నొక్కినప్పుడు ఎగరట్లేదు నాన్నా, బోర్" అని రిమోట్ సోఫాలో పడేసి వెళ్లిపోయాడు. మొత్తం ఏడు నిమిషాలు. బాబాయి ఏమీ అనలేదు. క్యాసెట్ తీసి, అలవాటుగా అడుగున ఒకసారి ఊది, పెట్టెలో పెట్టేశాడు.

నాకు ఆ ఏడు నిమిషాలు మనసులో ఉండిపోయాయి. వాడు చెప్పింది నిజమా? ఆ ఆటల్లో జ్ఞాపకం తప్ప ఇంకేమీ లేదా?

అసలు ఆ డబ్బాలో ఏముంది?

ఈసీఈ చదువుతున్న పాపానికి ముందు మూత విప్పాను. 1983లో జపాన్‌లో నింటెండో విడుదల చేసిన ఫ్యామికామ్‌కి ఇది నకలు. అదే మెషీన్ రూపం మార్చుకుని 1985లో ఎన్‌ఈఎస్ పేరుతో అమెరికా వెళ్లింది. మన ఊళ్లకి మాత్రం ఎక్కువగా ఇలాంటి నకళ్లే వచ్చాయి. అసలు మెషీన్‌లో విడివిడిగా ఉండే చిప్పులన్నీ ఇందులో ఒక నల్లటి బొట్టు కింద ఇమిడిపోయాయి.

అసలు మెషీన్ లెక్కలు చూస్తే నవ్వొస్తుంది. ప్రాసెసర్ వేగం దాదాపు 1.79 మెగాహెర్ట్జ్. పని చేసుకోడానికి మెమరీ 2 కిలోబైట్లు. 1985 నాటి 'సూపర్ మారియో బ్రదర్స్' ఆట మొత్తం 40 కిలోబైట్లలో ఉంది. మన ఫ్యామిలీ గ్రూపులో పొద్దున్నే వచ్చే శుభోదయం ఫొటో కూడా దానికంటే పెద్దది. చోటు చాలక మారియోలో మబ్బుకీ, పొదకీ ఒకే బొమ్మ వాడారు. తెల్ల రంగు వేస్తే మబ్బు, ఆకుపచ్చ వేస్తే పొద.

చాలామంది ఇక్కడే ఆగిపోయి "అంత తక్కువలో అంత చేశారు, ఎంత గొప్ప!" అంటారు. గొప్పే, కానీ అది మనలాంటి ఇంజినీర్లు మెచ్చుకునే గొప్ప. ఆడేవాడికి కిలోబైట్లతో పనేంటి? పొయ్యి ఎంత చిన్నదైనా కూర రుచిగా ఉందా లేదా అన్నదే కదా తినేవాడికి కావాల్సింది.

తప్పు ఆటదా, టీవీదా?

చిన్నోడు అన్న "నొక్కినప్పుడు ఎగరట్లేదు" అన్న మాట మీద నాకు అనుమానం వచ్చింది. నానమ్మ గదిలో పాత డబ్బా టీవీ ఇంకా పనిచేస్తోంది. రాత్రి అన్నాలయ్యాక గేమ్‌ని దానికి తగిలించాను. అదే ఆట, అదే రిమోట్. తేడా మాత్రం చేతికే తెలిసిపోయింది.

కారణం సింపుల్. పాత పిక్చర్ ట్యూబ్ టీవీ వచ్చిన సిగ్నల్‌ని వచ్చినట్టే తెర మీద గీసేస్తుంది. కొత్త టీవీ ముందు బొమ్మని మెమరీలోకి తీసుకుని, తన తెర సైజుకి సాగదీసి, మెరుగులు దిద్ది, అప్పుడు చూపిస్తుంది. గేమ్ మోడ్ లేని టీవీలో ఈ ఆలస్యం 100 మిల్లీసెకన్ల దాకా ఉండొచ్చు. సెకనుకి 60 ఫ్రేముల ఆటలో అది ఆరు ఫ్రేములు. తూటా తగిలాక ఎగిరితే ఏం లాభం?

తుపాకీ సంగతి ఇంకా స్పష్టం. 'డక్ హంట్'లో ట్రిగ్గర్ నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడి, వెంటనే బాతు ఉన్న చోట తెల్ల డబ్బా వెలుగుతుంది. తుపాకీ నుంచి ఏదీ బయటికి రాదు, దాని గొట్టంలో ఉన్న సెన్సర్ ఆ తెల్ల వెలుగుని చూస్తుంది, అంతే. కొత్త టీవీలో ఆ వెలుగు ఆలస్యంగా వస్తుంది కాబట్టి ఎంత గురిపెట్టినా తగలదు. పాత టీవీ మీద మొదటి దెబ్బకే బాతు పడింది.

అంటే చిన్నోడి తీర్పు తప్పు కాదు గానీ, మేం కేసు వేసిందే తప్పు కోర్టులో. పాత ఆటని దానికి సరిపడని తెర మీద పెట్టి, "చూశావా, పాతబడిపోయింది" అనడం న్యాయం కాదు.

అలాగని అన్నీ టీవీ మీదకి నెట్టేయలేం. 99999 ఆటలని రాసిన క్యాసెట్‌లో నిజంగా ఉన్నవి కొన్నే, అవే పేర్లు మార్చుకుని మళ్లీ మళ్లీ వస్తాయి. ఒకే వరసలో ఎనిమిదికి మించి కదిలే బొమ్మ ముక్కలని ఆ చిప్ చూపించలేదు, అందుకే శత్రువులు గుంపుగా వస్తే మినుకుమినుకుమంటారు. చాలా ఆటల్లో సేవ్ చేసుకునే వీలే లేదు, కరెంటు పోతే మళ్లీ మొదటి నుంచే. ఊదితే క్యాసెట్ పనిచేస్తుందన్నది కూడా భ్రమే. తీసి మళ్లీ పెట్టడం వల్ల పిన్నులు సరిగ్గా కూర్చునేవి. ఊదినప్పుడు పడే తడి వాటికి చేటే. ఇవన్నీ బాబాయికి తీపి గుర్తులు, చిన్నోడికి ఉత్త లోపాలు. ఇక్కడ చిన్నోడిదే కరెక్టు.

మూడు పరీక్షలు

పండగ మూడు రోజులూ వాడి చేత ఆడిస్తూ నేను మూడే చూశాను. ఒకటి, ఎవరూ చెప్పకుండా అర్థమవుతోందా? రెండు, ఓడిపోయినప్పుడు తప్పు తనదే అనుకుంటున్నాడా, ఆటని తిడుతున్నాడా? మూడు, అన్నానికి పిలిస్తే "ఇంకొక్కసారి" అంటున్నాడా?

మారియో మూడూ దాటింది. మొదటి లెవెల్ చూడండి. మారియో తెరకి ఎడమ పక్క నిలబడి ఉంటాడు, కుడి పక్కంతా ఖాళీ. ఎటు వెళ్లాలో ఎవరూ చెప్పక్కర్లేదు. కాసేపట్లో ఒక శత్రువు నడుచుకుంటూ వస్తుంది. తగిలితే చస్తాం, కానీ పోయింది కొన్ని సెకన్లే, మళ్లీ మొదలు. ప్రశ్న గుర్తున్న పెట్టెని తలతో కొడితే పుట్టగొడుగు బయటికొచ్చి, కుడికి జారి, గొట్టానికి గుద్దుకుని మన వైపే వస్తుంది. తప్పించుకుందామన్నా తగులుతుంది, తగిలితే పెద్దవాళ్లమవుతాం! ముందుకెళ్తే ఎదురెదురు మెట్లు, మధ్యలో నేల. పడినా ఏమీ కాదు. ఆ తర్వాత అలాంటి మెట్లే, ఈసారి మధ్యలో గొయ్యి. ముందు ప్రాక్టీసు, తర్వాత పరీక్ష. మన ల్యాబ్ మాన్యువల్స్ ఎవరైనా ఇలా రాస్తే ఎంత బాగుండు!

ఇది పాత ఆటలన్నింటికీ వర్తించదు. ఫ్యామికామ్ తర్వాత పదకొండేళ్లకి, 1994లో వచ్చిన మొదటి ప్లేస్టేషన్ ఎన్నో రెట్లు శక్తిమంతమైనది. కానీ అప్పటి 3డి ఆటలు చాలావరకు ఇప్పుడు చూస్తే గోడలు, నేల వంకర్లు తిరుగుతూ వణుకుతాయి. దూరాన్ని బట్టి గోడ మీది బొమ్మని సరిచేసే లెక్క ఆ చిప్ చేయదు, మూలల స్థానాలని కూడా పూర్ణాంకాలకి కుదించేస్తుంది. 3డిలో కెమెరా ఎలా తిప్పాలో అప్పటికి ఎవరికీ పూర్తిగా కుదర్లేదు. 2డిలో మాత్రం ఏం చేయొచ్చో, ఏం చేయకూడదో 1980ల చివరికే బాగా తెలిసిపోయింది. అంటే ఎంత పాతదన్నది కాదు, తనకున్న హద్దుల్లో ఆ పని ఎంత పూర్తిగా చేసిందన్నదే లెక్క.

దీనికి గట్టి సాక్ష్యం అమెరికాలో ఉంది. 1989లో ఎన్‌ఈఎస్ మీద వచ్చిన 'టెట్రిస్'ని 2023 డిసెంబరులో ఒక కుర్రాడు ప్రోగ్రామ్ ఆగిపోయేంత దూరం ఆడాడు. ఆ మెషీన్ మీద అంతవరకు చేరిన మొదటి మనిషి అతనే. వయసు 13. ఆ ఆట వచ్చినప్పుడు అతను పుట్టనేలేదు, చిన్ననాటి జ్ఞాపకం అనడానికి వీల్లేదు.

కనుమ నాడు

కనుమ రోజు మధ్యాహ్నం చిన్నోడే 1985 నాటి 'బ్యాటిల్ సిటీ' పెట్టాడు, అదే మనవాళ్లు ట్యాంకుల గేమ్ అంటారు. ఇద్దరు కలిసి గద్ద బొమ్మని కాపాడాలి. శత్రువులు ఇరవై ట్యాంకులు. మన తూటా మన పార్ట్‌నర్‌కి తగిలితే వాడు కాసేపు కదల్లేడు. మన గద్దని మనమే కాల్చేసుకుంటే ఇద్దరి ఆటా గోవింద. వాడు మొదటి రౌండులోనే ఆ పని చేశాడు.

"ఒరేయ్, మన దాన్నే కాలుస్తావేంట్రా!" అని బాబాయి అరిచాడు. "నువ్వు అడ్డమొచ్చావ్ నాన్నా!" అని వాడు. తెలియకుండానే ఇద్దరూ నేల మీద పక్కపక్కన కూర్చున్నారు. ఈసారి బాబాయి "మా కాలంలో" అనలేదు, తాతయ్య ఊసు ఎత్తలేదు. ఆ ఊపులో తీరిక దొరకలేదు. కరెంటు పోయేదాకా ఆడారు.

అప్పుడు నాకొకటి అర్థమైంది. మొదటి రోజు బాబాయి ఇచ్చింది ఆట కాదు, తన జ్ఞాపకం. దాన్ని మెచ్చుకోవాల్సిన బరువు పదేళ్లవాడి మీద పెట్టాడు. జ్ఞాపకం అబద్ధం కాదు, కానీ చేతులు మారదు. ఆట మారుతుంది, మంచిదైతే. మన క్లబ్‌లో జూనియర్లకి పాత పుస్తకాలు ఇచ్చేటప్పుడు మనం చేసేదీ ఇదే కదా? "ఇది చదివి నేను ఏడ్చేశాను" అని ముందే చెప్పి, వాళ్లు ఏడవకపోతే బాధపడతాం. పుస్తకం ఇచ్చి ఊరుకుంటే పోలా?

సాయంత్రం నానమ్మ మళ్లీ అడిగింది, ఆ డబ్బా సంగతి ఏంచేశారని. చిన్నోడు తలెత్తకుండానే, "పాత టీవీ కూడా పారేయకు నానమ్మా" అన్నాడు.