కుట్టుమిషన్లు పంపాం, సంత చూడలేదు

అమెరికా వచ్చి నాలుగు రాళ్ళు వెనకేసుకోగానే మనలో చాలామందికి పుట్టిన ఊరు గుర్తొస్తుంది. నాకూ అంతే. 2004లో మిత్రులం చందాలు వేసుకుని, ప్రకాశం జిల్లాలోని మా ఊరికి 20 కుట్టుమిషన్లు ఇప్పించాం. ఫొటోలు దిగాం, మురిసిపోయాం. మరుసటి ఏడు వెళ్ళి చూస్తే 14 మిషన్లు గుడ్డ కప్పుకుని మూలన కూర్చున్నాయి.

"మిషన్లయితే ఇచ్చావు గానీ నాయనా, ఇంత చిన్న ఊళ్ళో అన్నిటికీ సరిపడా కుట్టించుకునేవాళ్ళు ఏరిరా?" అంది మా పిన్ని. నా దగ్గర సమాధానం లేదు.

ఆ సమాధానం 2012 వేసవిలో, వాషింగ్టన్ దగ్గర వారం రోజుల శిక్షణ తరగతిలో దొరికింది. యుద్ధాలతో, భూకంపాలతో చితికిన దేశాల్లో పేదలకు మార్కెట్లో చోటు దొరికేలా పనిచేసేవారి కోసం పెట్టిన తరగతి అది. మొదటి రోజు ఉపన్యాసం లేదు. తలా ఒక తెల్లకాగితం ఇచ్చారు. "మీ ఊరి టమాటా చేను నుంచి కూరలో పడేదాకా ఎన్ని చేతులు మారుతుందో గీయండి. ఎవరికెంత మిగులుతుందో రాయండి" అన్నారు. నేను సగంలోనే ఆగిపోయాను. పుట్టి పెరిగిన ఊరి సంగతే నాకు తెలియదు!

పక్కన కూర్చున్న హైతీ మిత్రుడు వాళ్ళ బియ్యం కథ చెప్పాడు. 1990లలో దిగుమతి సుంకం బాగా తగ్గించడంతో అమెరికా బియ్యం చౌకగా వచ్చిపడి, అక్కడి వరి రైతు చితికిపోయాడు. ఆ విధానం తన అర్కాన్సా రైతులకు మేలు చేసిందేమో గానీ హైతీకి చేయలేదని, అది పొరపాటేనని మాజీ అధ్యక్షుడు బిల్ క్లింటన్ 2010లో సెనేట్ కమిటీ ముందు ఒప్పుకున్నారు.

మూడో రోజు తెరమీద ఒక బొమ్మ వేశారు. కాటా పక్కన మన తెలుగు ఆడపడుచులు! 2000లో ఏర్పడిన గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ, అంటే సెర్ప్, అండతో పొదుపు సంఘాల మహిళలు ఊళ్ళోనే ధాన్యం, మొక్కజొన్న కొనే కేంద్రాలు నడిపారు. అంతకుముందు చాలాచోట్ల అప్పిచ్చినవాడే పంట కొనేవాడు. తూకం, తరుగు, ధర అతను చెప్పిందే. సంఘంలో అప్పు దొరికాక ఆ ముడి వదులైంది. కాటా వేయడం, తేమ చూడడం, నాణ్యత తేల్చడం మహిళలే నేర్చుకున్నారు.

అంతేకాదు, సంఘాల్లో రాటుదేలిన మహిళలే బీహార్ వంటి రాష్ట్రాల పల్లెలకు వెళ్ళి, అక్కడే బసచేసి, సంఘం కట్టడం నేర్పారు. 2011లో మొదలైన జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ కూడా ఈ పద్ధతినే అందుకుంది. మనం అమెరికాలో నేర్చుకునే పాఠానికి గురువులు మన ఊళ్ళోనే ఉన్నారన్నమాట.

అన్నీ విజయాలే కావు. అదే రాష్ట్రంలో సూక్ష్మరుణాల ఒత్తిడి ముదిరి, 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. అప్పు పుట్టినంత సులువుగా అమ్మకం పుట్టదు.

ఆ రాత్రే ఫోన్ చేశాను. "పిన్నీ, మన చుట్టుపక్కల జనం ఏం కుట్టించుకుంటున్నారు?"

"ఈ మాట ముందే అడిగితే సరిపోయేదిగా!"

పిన్ని, మరో నలుగురు రెండు సంతలు తిరిగి వచ్చారు. చీరలకు ఫాల్, పీకో వేయించుకోవడానికి ఆడవాళ్ళు బస్సెక్కి ఒంగోలు పోతున్నారట. ఈసారి మేం పంపింది ఒక్క పీకో మిషను, ఇద్దరికి పని నేర్పించే ఖర్చు. మూలనున్న 14లో 8 మళ్ళీ తిరిగాయి. పెద్ద ఘనకార్యం కాదు గానీ, వాటిమీద ఎవరూ గుడ్డ కప్పలేదు.

పిల్లలూ, ఈసారి సెలవులకు ఇండియా వెళ్తే తాతయ్యతో సంతకి వెళ్ళండి. టమాటా బుట్ట దగ్గర ఆగి, "ఇవి ఎక్కడివండీ? రైతుకి ఎంత ఇచ్చారు?" అని అడగండి. ఇంటికొచ్చి ఆ దారంతా కాగితం మీద గీసి అమ్మకూ నాన్నకూ చూపించండి. ఊరికి ఏం పంపాలో ఆ తరువాత అందరూ కూర్చుని మాట్లాడుకోవచ్చు.